సీటు కింది జేబు

రోస్విట అల్లుడు ఫోల్కమార్‌కు ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊరందరి చూపూ సరిచేసే ఆ మనిషికి తన ముక్కు ముందున్నది మాత్రం కనబడదన్న సంగతి ఆవిడకు పెళ్ళినాడే తెలిసింది. చర్చి మెట్లు దిగుతూ తన బూటు తాడు తానే తొక్కుకొని, వెళ్ళి పెళ్ళికూతురి మీద పడి, లేచి దులుపుకొని, తప్పంతా మెట్లదే అన్నాడు. ఇది జరిగి ముప్ఫై ఏళ్ళు. ఆయన ఎక్కడ పడ్డా తప్పు ఇంకా మెట్లదే.

అలాంటివాడికి యాభై ఆరో ఏట పాత స్పోర్ట్స్ కారు పిచ్చి పట్టుకుంది. అదీ మామూలు పిచ్చి కాదు. ప్రతి గురువారం ‘బంగారు సింహం’ హోటల్లో తొమ్మిదిమంది పెద్దమనుషులు ఒక బల్ల చుట్టూ చేరతారు. ఒక్కడికీ సరిగ్గా నడుం వంగదు, అందరికీ నేలకు జానెడెత్తున కూర్చుని నడిపే కార్లే కావాలి. వాళ్ళలో మళ్ళీ కులాలున్నాయి. యూరప్ కోసం తయారై, యూరప్‌లోనే అమ్ముడై, సముద్రం మొహం చూడని కారున్నవాడు పొయ్యి పక్కన కూర్చుంటాడు. అమెరికా కోసం తయారై, అక్కడ నలభై ఏళ్ళు తిరిగి, ఓడెక్కి మళ్ళీ వచ్చిన కారున్నవాడు తలుపు దగ్గర చలిగాలిలో కూర్చుంటాడు. అలాంటి కార్లకు వాళ్ళు పెట్టిన పేరు ‘పోయొచ్చినవి’. ఆ మాట అనేటప్పుడు అందరి ముక్కులూ ఒక్కసారే ముడుచుకుంటాయి.

ఫోల్కమార్‌కు ఏ కారూ లేదు కాబట్టి ఇంతవరకూ నిలబడే ఉన్నాడు.

ఆదివారం భోజనాల దగ్గర ఆయన పాఠం మొదలయ్యేది. సూపులో ఉన్న, మాంసం కూరిన మౌల్టాషెన్ ముక్కను ఫోర్కుతో పక్కకు జరిపి, “ఇది కారనుకోండి అత్తయ్యా. అమెరికా చట్టం ప్రకారం దీనికి ముందు ఇంత లావు బంపరు, వెనక ఇంత లావు బంపరు. పక్కలకు లాంతర్లు. మీటర్లో మైళ్ళు. ఇంజను గొంతు నొక్కేస్తారు. మనది చూడండి, సన్నటి బంపరు, చక్కటి నడుం...” అనేవాడు. చెబుతూ చెబుతూ తన నడుం చుట్టూ ఉన్న బంపరు సంగతి మరిచిపోయేవాడు.

రోస్విట వినేది. ఆ కార్లు తయారైన ఫ్యాక్టరీలోనే, ఆ రోజుల్లోనే, ఆవిడ పదకొండేళ్ళు సీట్లు కుట్టింది. నాలుగో షెడ్డు, కిటికీ పక్క మిషను. ఆ సంగతి అల్లుడికి తెలుసు. కానీ ఆ తొమ్మిదిమంది లెక్కలో కారంటే మగవాళ్ళు బిగించినది, సీటంటే ఆడవాళ్ళు కుట్టిన మెత్త. మెత్తల గురించి ఎవరు ఎవర్ని అడుగుతారు?

పిచ్చి పిచ్చిగానే ఉంటే ఆవిడకూ పోయేదేం లేదు. కానీ దాని కన్ను తోట మీద పడింది.

ఊరవతల కొండవాలులో రోస్విటకు ఇరవైమూడు చెట్లున్నాయి. ఆపిల్లు ఎక్కువ, బేరిచెట్లు నాలుగు. భర్త ఓట్మార్ ఉన్నప్పుడు ఒక్కో కొమ్మకూ తన చేత్తో అంటుకట్టాడు. ఏటా అక్టోబరులో పళ్ళు దులిపి, రసం తీయించి, నేలమాళిగలో పీపాలో పోస్తే, పులిసి మోస్ట్ అనే పుల్లటి పళ్ళమద్యం అవుతుంది. ఏడాది పొడుగునా సాయంత్రం ఒక గ్లాసు. ఓట్మార్ చనిపోయిన ఏడాది తోటను కూతురు ఇర్మేల పేర, అల్లుడి పేర రాసింది. తను బతికి ఉన్నంతకాలం తన సంతకం లేకుండా అమ్మకూడదని ఒక్క షరతు పెట్టింది. ఆ ఒక్కటీ పెట్టిన పుణ్యానే తోట ఇంకా ఉంది.

కార్ల క్లబ్బు అధ్యక్షుడు నైడ్‌హార్ట్ ఆ తోట కొంటానన్నాడు. చెట్లు కొట్టేసి తన కార్లకు షెడ్డు వేసుకుంటాడట. ఆ డబ్బుతో ఫోల్కమార్ కారు కొనుక్కుంటాడట. శీతాకాలమంతా అల్లుడు ఇదే పాట. కూతురు తలనొప్పి మాత్రలు మింగడం మొదలుపెట్టింది. చివరికి ఒక ఆదివారం రోస్విటకు ఓపిక చచ్చిపోయింది.

“సరే! నువ్వు చెప్పే కారు నువ్వు చెప్పినట్టే ఉంటే, సముద్రం దాటని కారే అయితే, సంతకం పెడతాను. ఇక నన్ను సూపు తాగనియ్యి.”

“అత్తయ్యా, ఇంకోసారి అనండి. ఇర్మేలా, విను.”

ఇంకోసారి అంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకు చేతకాదు. ఆ రాత్రి నిద్ర పట్టక, నోరు జారినందుకు తనను తానే నానా మాటలూ తిట్టుకుంది.

సెప్టెంబరులో కారు దొరికింది. కిర్ష్‌హైమ్ దాటాక ఒక పల్లెలో ఎకార్ట్ రోష్ అనే ఆయన దగ్గర. డెబ్భై నాలుగో సంవత్సరపు కారు. శనివారం పొద్దున ఫోల్కమార్ అత్తగారిని వెంటబెట్టుకొని బయలుదేరాడు. ఫ్యాక్టరీలో పనిచేసిన ముసలావిడ పక్కనుంటే అమ్మేవాడు కాస్త మెత్తబడతాడని ఆయన ఉపాయం. సంచిలో, పుట్టీ పూసి కప్పిన చోట అతుక్కోదని రుమాల్లో చుట్టి తెచ్చిన అయస్కాంతం, టార్చి లైటు, మోకాళ్ళ కింద వేసుకునే దిండు, తొమ్మిది పేజీల జాబితా ఉన్నాయి. ఇర్మేల ప్రసవానికి ఆసుపత్రికి వెళ్ళిన రోజు ఈ మనిషి చెప్పులు కూడా మరిచిపోయి వచ్చాడని రోస్విటకు గుర్తొచ్చింది.

రోష్ గరాజు ఆపరేషను గదిలా ఉంది. గుమ్మంలోనే బూట్లు విప్పించి, బూడిదరంగు ఉన్ని చెప్పులు తొడిగించాడు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన నీలం కోటులో ఉన్నాడు. చేతులకు తెల్ల గుడ్డ తొడుగులు.

మధ్యలో క్యారెట్ రంగు కారు. ఫోల్కమార్ దాని ముందు తల కాస్త వంచాడు. చర్చిలో కూడా అంత వంచడు.

“దీని టైరు ఉప్పునీటి వాసన ఎరగదండి,” అన్నాడు రోష్. “ఉల్మ్‌లో ఒక మందుల షాపాయన కొత్తగా కొన్నాడు. ఆయన పోయాక కూతురు, కూతురి నుంచి నేను. మొత్తం కాగితాలున్నాయి.”

రెండు చేతులతో ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇటుకంత లావుంది. ప్రతి కాగితం ప్లాస్టిక్ కవర్లో, ప్రతి ఏడాదికీ ఒక రంగు చీటీ. ఫోల్కమార్ పేజీలు భక్తిగా తిప్పాడు. కాగితం వరసగా ఉంటే చాలు, అందులో ఏముందో వాళ్ళ ప్రాంతం మనిషి మళ్ళీ అడగడు.

“ఇది డెబ్భై తొమ్మిది నుంచి మొదలైంది,” అంది రోస్విట. “మొదటి అయిదేళ్ళవీ ఏవీ?”

“నేలమాళిగలోకి వరద నీళ్ళొచ్చాయి అమ్మగారూ. ఆ అయిదేళ్ళవీ తడిసిపోయాయి. ఇదిగో, వరద ఫోటో.”

“చూశారా అత్తయ్యా!” అన్నాడు అల్లుడు గర్వంగా. “వరదకు కూడా ఫోటో ఉంది!”

“నీళ్ళు బాగా వచ్చాయి,” అంది రోస్విట.

ఫోల్కమార్ మోకాళ్ళ మీద పడ్డాడు. అయస్కాంతం పట్టుకొని కారు చుట్టూ పాకాడు. సన్నటి బంపర్లు ఉన్నాయి, పెన్నుతో టిక్కు. లైట్లు యూరప్‌వే, టిక్కు. మీటర్లో కిలోమీటర్లే, టిక్కు. పక్కల లాంతర్లు లేవు, ఉన్న గుర్తు కూడా లేదు, అయస్కాంతం ఎక్కడ పెట్టినా ఠక్కున అతుక్కుంటోంది. రెండు టిక్కులు. నంబరు రేకు మీద టార్చి వేసి, “ఆ రోజుల్లో అన్ని దేశాలకూ ఒకే వరస నంబర్లు,” అని తనే చెప్పుకొని తనే తలూపాడు. ప్రతి టిక్కుకూ కింద నుంచి “అత్తయ్యా, ఇది కూడా!” అని కేక. నేల మీద దేకే అల్లుణ్ణి ఇంతవరకూ రోస్విట చూడలేదు. చూడకపోయినా పెద్ద నష్టమేమీ లేదనిపించింది.

కానీ టిక్కులు పెరిగే కొద్దీ ఆవిడ గుండె బరువెక్కింది. ఏడు పేజీలు అయిపోయాయి. తనకు బంపర్లు తెలియవు, లైట్లు తెలియవు. ఇది అసలు కారే అయితే తను సంతకం పెట్టి తీరాలి. గేటు పక్కన ముందుగా పండే బేరిచెట్టు గుర్తొచ్చింది. దాని తొర్రలో ఓట్మార్ కత్తెర దాచేవాడు. ఆ కత్తెర ఇంకా అక్కడే ఉంది. అది కూడా నైడ్‌హార్ట్‌కే పోతుంది కాబోలు.

కాళ్ళు లాగాయి. “కూర్చోడానికి ఏమైనా ఉందా రోష్ గారూ?”

గరాజులో కుర్చీ లేదు. కుర్చీ ఉంటే చూడ్డానికొచ్చినవాళ్ళు ఎక్కువసేపు ఉంటారు. రోష్ కాసేపు తటపటాయించి, డ్రైవరు పక్కసీటు వైపు తలుపు తీశాడు. “దీన్లో కూర్చోండి. చేతిసంచి ఒళ్ళో వద్దు, జిప్పు గీసుకుంటుంది.”

కారులోకి దిగడం బావిలోకి దిగినట్టే ఉంది. దిగింది. కూర్చుంది. ఆ తోలు వాసన, ఆ అంచు కుట్టు! యాభై ఏళ్ళ తర్వాత కూడా వేళ్ళు వాటంతట అవే కుట్టు వెంట నడిచాయి. ‘మన షెడ్డుదే,’ అనుకుంది. ఎవరు కుట్టారో? పక్క మిషను హన్నెలోరే అయితే మూల దగ్గర వదులు చేస్తుంది, ఎప్పుడూ తొందరే దానికి. ఇది బిగువుగా ఉంది.

తొడ కింద ఏదో పలకలాంటిది తగిలింది. మెత్త కింద, ముందు అంచు లోపలికి చెయ్యి పోనిచ్చింది. అరచేతంత గుడ్డ జేబు ఒకటి వేళ్ళకు దొరికింది. రెండు వరసల కుట్టు. మూలల్లో ముందుకూ వెనక్కూ మూడేసిసార్లు.

రోస్విట చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డెబ్భై మూడు చలికాలం. మేస్త్రీ క్నౌస్ షెడ్డులోకి ఒక పలకలాంటి తీగల వస్తువు పట్టుకొచ్చి, “అమెరికావాళ్ళకు కొత్త చట్టం వచ్చింది ఆడాళ్ళూ,” అన్నాడు. సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే కారు స్టార్టు కాకూడదట. మనిషి కూర్చున్నాడని తెలియడానికి పిర్ర కింద ఈ పలక. పలక పెట్టడానికి సీటు కింద జేబు. నీలం చీటీ గుచ్చిన సీట్లకు మాత్రమే, అంటే అమెరికా పోయేవాటికే. తోలూ, గోనెగుడ్డా, పీచూ కలిపి కుట్టాలి. రోజుకు మూడు సూదులు విరిగేవి. ఎడమచేతి చూపుడువేలు గోరులోంచి ఒకసారి సూది దిగిపోయింది, ఆ గోరు ఇప్పటికీ వంకరే. అందరూ మూలలో రెండుసార్లు తిప్పేవాళ్ళు. మూడుసార్లు తిప్పేది తనొక్కతే. ఏడాది తిరక్కుండానే అమెరికావాళ్ళే ఆ చట్టాన్ని తిట్టిపోశారు. పక్కసీట్లో బంగాళాదుంపల సంచి పెట్టినా కారు కదిలేది కాదట. చట్టం తీసేశారు, జేబులు ఆగిపోయాయి. ఆ ఒక్క ఏడాదే, ఆ ఒక్క దేశానికే.

ఆవిడ వంకర గోటితో ఆ మూలను ఇంకోసారి తడిమింది. ఒకటి, రెండు, మూడు.

“రోష్ గారూ,” అంది, “ఉల్మ్ మందుల షాపాయన పక్కసీట్లో బంగాళాదుంపలు పెట్టుకునేవాడా?”

“ఆఁ?”

“పెట్టుకుంటే వాటికి బెల్టు కట్టాల్సి వచ్చేది పాపం.”

కారు కింద నుంచి ఫోల్కమార్ గొంతు వచ్చింది. “అత్తయ్యా, దయచేసి! ఎనిమిదో పేజీలో ఉన్నాను!”

“పైకి రా అల్లుడూ. తొమ్మిదో పేజీ ఇక్కడుంది.”

ఆయన దేక్కుంటూ వచ్చాడు. ఆవిడ సీటు కింద నుంచి ఒక తీగ బయటికి లాగింది. తెంచిన తీగ కాదు. చక్కగా ఉండచుట్టి, దారంతో ముడివేసి, కొసకు టేపు అంటించిన తీగ. దానికి చిన్న కాగితం చీటీ. చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలు: ‘బాగుంది. పనికొస్తుంది.’

“ఈ జేబు నేను కుట్టింది,” అంది రోస్విట. “అమెరికా పోయే సీట్లకే కుట్టాం. ఇంకే దేశానికీ ఇది లేదు.”

ఫోల్కమార్ మొహం సుద్దలా పాలిపోయింది. అయినా కారును వదులుకోవడానికి మనసొప్పలేదు. “సీటు మార్చి ఉండొచ్చు కదా! పోయొచ్చిన ఇంకో కారు సీటు తెచ్చి దీన్లో వేసుంటారు. అంతేకదండీ రోష్ గారూ? సీటు ఒక్కటే మార్చారు, అవునా?”

అవునంటే చాలు. ఆ ఒక్క మాటతో రోష్ బయటపడేవాడే. తోట కూడా పోయేదే. కానీ రోష్ మెడ ఎర్రబడింది.

“సీట్లు మార్చానా? నేనా?” అన్నాడు. “ఇంత మంచి తోలు! యాభై ఏళ్ళలో ఒక్క పగులు లేదు, ఒక్క కుట్టు ఊడలేదు! బాగున్న వస్తువును తీసి పారేసే మనిషిలా కనిపిస్తున్నానా మీకు? కంటెయినర్లోంచి దింపిన రోజు నేనే స్వయంగా జీను సబ్బుతో మూడుసార్లు తుడిచాను! ఈ సీట్లు ఈ కారుతో అమెరికాలో సవన్నా రేవు నుంచీ...”

అక్కడ ఆగాడు.

రోష్ తెల్ల తొడుగులు ఒక్కో వేలూ లాగి విప్పుకున్నాడు.

రోస్విట చూపు ఆయన వెనక ఉన్న అలమర మీదికి పోయింది. పై అరలో వరసగా అట్టపెట్టెలు, ఒక్కోదానికీ అదే ముత్యాల రాతలో చీటీ. ‘ముందు బంపరు, లావు.’ ‘వెనక బంపరు, లావు.’ ‘పక్క లాంతర్లు, నాలుగు.’ ‘మైళ్ళ మీటరు, పనిచేస్తుంది.’ మనిషి నెలల తరబడి కూర్చుని కారును అమెరికా నుంచి యూరప్‌కు మార్చాడు, రంధ్రాలకు ఇనుమే అతికి అయస్కాంతాన్ని కూడా మోసం చేశాడు, వరదకు ఫోటో తీయించాడు. చెత్తబుట్టలో ఒక్క మరమేకు వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

“అవన్నీ ఎందుకు దాచారు?” అంది.

“బాగున్నాయి కదమ్మా,” అన్నాడు రోష్. ఆ ఒక్క మాటా అబద్ధం కాదు.

ఆ ఉదయమంతా ఆవిడకు ఎవరి మీదైనా కాస్త గౌరవం కలిగిందంటే ఆ క్షణంలోనే. తన ఇంట్లోనూ పాత జాడీల రబ్బరు బిళ్ళలు మూడు డబ్బాలున్నాయి. కానీ ఆ రబ్బరు బిళ్ళలు ఉల్మ్ నుంచి వచ్చాయని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఫోల్కమార్ గొంతు సవరించుకున్నాడు. “ఒకవేళ... ధర కాస్త తగ్గిస్తే...”

“అల్లుడూ,” అంది రోస్విట, రెండు చేతులతో తలుపు పట్టుకొని బావిలోంచి పైకి వస్తూ, “నేను మాటిచ్చింది కారుకు. బేరానికి కాదు. బూట్లు వేసుకో.”

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక ఆయన, “క్లబ్బులో ఏమీ అనొద్దు అత్తయ్యా,” అన్నాడు.

“క్లబ్బుకు నేను వెళ్తే కదా.”

“మీరు కనిపెట్టారని తెలిస్తే... అంటే, సీటు చూసి...”

“మెత్త చూసి ఆడమనిషి కనిపెట్టిందని తెలిస్తే నిన్ను తలుపు దగ్గర కూడా నిలబడనివ్వరు. అంతేగా?”

ఫోల్కమార్ రోడ్డు వైపు చూస్తూ బండి నడిపాడు. గురువారం క్లబ్బులో ఆ కారు గురించి అడిగితే, రంగు నచ్చలేదని చెప్పాడట. ఇర్మేల చెప్పింది.

అక్టోబరు రెండో శనివారం తోటలో పళ్ళు దులుపుతున్నారు. ఆ ఏడు ఫోల్కమార్‌కు నడుం నొప్పి రాలేదు. రావడానికి వీల్లేదని ఇర్మేల చెప్పింది. ఆయన నిచ్చెన మీద ఉన్నాడు, రోస్విట కింద గడ్డిలో గోనెసంచి పట్టుకొని ఉంది. బాట మీద ఘుర్రుమని చప్పుడైంది. క్యారెట్ రంగు కారు గేటు దగ్గర ఆగింది. దాన్లోంచి అధ్యక్షుడు నైడ్‌హార్ట్ మూడు ప్రయత్నాల్లో బయటికొచ్చాడు.

“రోస్విట గారూ, తోట సంగతి చెబుదామని వచ్చాను. ఇక నాకొద్దండి. ఏమనుకోకండి, ఆ డబ్బు దీనికి పోయింది.” కారు కప్పు మీద చెయ్యి వేశాడు. “మీ అల్లుడికి రంగు నచ్చలేదట! రంగు! ఉల్మ్ కారు, మొత్తం కాగితాలతో. వరదకు కూడా ఫోటో ఉంది!”

నిచ్చెన కిర్రుమంది.

రోస్విట సంచి కింద పెట్టింది. ఈ మనిషంటే ఆవిడకు ఏ మాత్రం ఇష్టం లేదు, ఇరవైమూడు చెట్లు కొట్టేద్దామని చూసినవాడు. అయినా తెలిసిన సంగతి దాచిపెట్టడం ఆవిడ వల్ల కాలేదు.

“నైడ్‌హార్ట్ గారూ, ఇది పోయొచ్చిన కారు. ఆ ముందు సీట్ల కింద జేబులున్నాయి చూడండి. అమెరికా కోసం నేనే కుట్టాను. కూర్చుంటే తొడ కింద తగలడం లేదూ?”

నైడ్‌హార్ట్ ఆవిడ వైపు చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. “తగులుతుంది. ఎందుకు తగలదు? యూరప్ సీట్లలో ఆ గట్టిదనమే వేరమ్మా. అమెరికావాళ్ళవి పరుపుల్లా ఉంటాయి.”

“చెయ్యి పెట్టి చూడండి, ఒక్క నిమిషం పని.”

“అయ్యో, దాన్ని కదపకూడదు! అసలు సరుకు!” ఆయన తలెత్తాడు. “మీరు చెప్పండయ్యా ఫోల్కమార్, మీరూ చూశారుగా. నిపుణుల కన్ను మీది. సముద్రం దాటిన కారా ఇది?”

నిచ్చెన ఇంకోసారి కిర్రుమంది. తర్వాత ఆకుల్లోంచి సన్నటి గొంతు: “అసలు సిసలైనదండీ. రంగొక్కటే...”

నైడ్‌హార్ట్ విజయగర్వంతో మళ్ళీ కారులోకి దిగాడు. దిగడానికీ మూడు ప్రయత్నాలే పట్టాయి. ఘుర్రుమని వెళ్ళిపోయాడు. గురువారం పొయ్యి పక్కనే కూర్చుంటాడు.

రోస్విట గేటు పక్క బేరిచెట్టు తొర్రలోంచి ఓట్మార్ కత్తెర తీసి, తుప్పు గౌను అంచుకు తుడిచి, మళ్ళీ అందులోనే పెట్టింది. కింద దొర్లిన పళ్ళు ఏరి సంచి నింపింది. ఇంకో సంచి విదిలించి, నిచ్చెన కింద నిలబడి పైకి చూసింది. అల్లుడు రెండు చేతులతో కొమ్మ పట్టుకొని, మొహం ఆకుల్లో దాచుకొని ఉన్నాడు.

“దిగి రా, నిచ్చెన జరపాలి. ఇంకా పద్నాలుగు చెట్లున్నాయి,” అంది. “మెట్లు చూసి దిగు. పడ్డావంటే తప్పు నా చెట్లదే అంటావు.”